కప్పు కింద ఎవరున్నారు?

మాది లంద ఉన్న వాడ. మా తాత తోళ్లు ఊనాడు. మా అయ్య బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్ పట్టాడు. నేను సర్కారు బడిలో లెక్కలు చెప్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ కాయితం మీదికి ఎక్కిన మొదటి పేరు నాది. నా తర్వాత మా చిన్నమ్మ కొడుకు ఇంజనీరింగు చదివి హైదరాబాదులో బ్యాంకుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో చేరాడు. నేను రాయబోయేది వాడి పని గురించి. కానీ మా తాత పని దగ్గర మొదలుపెట్టకపోతే నాకు వాడి పని అర్థం కాదు.

'ప్రయోగం' అనే మాటను బళ్లో మాకు తెల్లకోటు తొడుక్కున్న మనిషి బొమ్మ చూపించి నేర్పారు. ఏ పాఠ్యపుస్తకంలోనూ లంద బొమ్మ లేదు. మరి మా తాత చేసిందేంది? పచ్చితోలుకు సున్నం పట్టించి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నానేసిన లందలో ఊరేసేవాడు. ఎన్ని రోజులు ఊరాలో ఏ పంచాంగమూ చెప్పదు. ఎండను బట్టి, తోలు మందాన్ని బట్టి, చెక్కను బట్టి మారుతుంది. అందుకని అంచున చిన్న ముక్క కోసి చూసేవాడు. కోతలో నడిమధ్య తెల్లగీత కనపడిందంటే చెక్కరసం ఇంకా లోపలికి పోలేదన్నట్టు. మళ్లీ లందలో వేసేవాడు. చెక్క పెంచేవాడు, రోజులు పెంచేవాడు, మళ్లీ కోసి చూసేవాడు. తోలంతా పాడు చేసుకోకుండా అంచు మీద పరీక్ష. ఇది ప్రయోగం కాకపోతే ప్రయోగమంటే ఏంది?

ఆ తోలుతో మోటకు తొండం కుట్టేవాడు. కరెంటు మోటర్లు రాకముందు ఎద్దులతో బావినీళ్లు తోడింది మోటతోనే. ఎండాకాలంలో తొండం పిగిలితే ఆ రోజుకు మడికి నీళ్లు లేవు. వరి పొట్టకొచ్చిన రోజుల్లో పిగిలితే పంటే లేదు. ఆసామి యాసంగి అంతా మా తాత కుట్టు మీద నడిచేది. కుట్టినోడు మాత్రం ఆ బావి గట్టు ఎక్కరాదు. అందుకే కొత్త తొండాన్ని మా వాడలోనే వేపచెట్టుకు కట్టి, నీళ్లు నింపి, రాత్రంతా వదిలేసేవాడని మా నాయనమ్మ చెప్పేది. తెల్లారి చెట్టు కింద మట్టి తడిసి ఉంటే మళ్లీ ఆరె చేతికెత్తుకునుడే. బిగించడానికి పంపేది పొద్దుగూకి ఎడ్లను విప్పినంకనే. పాత తొండాన్ని పారెయ్యనిచ్చేవాడు కాదు, కొత్తది మొండికేస్తే మళ్లీ అదే బిగించాలి గనక. ఇంత జాగ్రత్త ఎందుకు? కళ్లం కాడ గింజలు కొలిచేటప్పుడు ఆసామికి మొదలు గుర్తొచ్చేది పిగిలిన తొండమే. తప్పు జరిగితే కోత మా తాత చాటలో పడేది.

ఈ ముచ్చట మా తమ్ముడికి చెప్తే వాడు నవ్వలేదు. "అక్కా, తాత చేసినదానికి మా కాడ ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లీషు పేరుంది" అన్నాడు. వేపచెట్టుకు కట్టి చూసుడు వాళ్ల టెస్టింగు. పాతదాన్ని పక్కన పెట్టుకునుడు రోల్‌బ్యాక్. అంచు కోసి చూసుడు కానరీ రిలీజు, అంటే కొత్త మార్పును ముందు కొద్దిమందికే ఇచ్చి, బాగుంటేనే మిగతావాళ్లకు పెంచడం. ఇదంతా ఆగకుండా నడిపిస్తే దాని పేరు నిరంతర ప్రయోగం. ఒక ఊహ, ఒక చిన్న మార్పు, ఒక కొలత, ఒక నిర్ణయం. మళ్లీ ఇంకో ఊహ.

మామూలు జనం వాడే సాఫ్ట్‌వేర్‌లో ఇది బాగా సాగుతుంది. వాడేవాళ్లు కోట్లలో ఉంటారు. సగంమందికి పాతది, సగంమందికి కొత్తది చూపించి తేడా కొలవొచ్చు. 2012లో మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్‌లో ప్రకటనల శీర్షిక చూపించే తీరులో చిన్న మార్పు చేద్దామని ఒక ఉద్యోగి సూచన ఇచ్చాడు. ఆరు నెలలకు పైగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక ఇంజనీరు కొందరి మీద పరీక్షించి చూస్తే ఆదాయం 12 శాతం పెరిగింది. ఒక్క అమెరికాలోనే అది ఏడాదికి 10 కోట్ల డాలర్లు దాటింది. 2017లో ఈ సంగతి రాసిన రాన్ కోహావి, స్టీఫన్ తోమ్కె మరో మాట కూడా రాశారు. గూగుల్, బింగ్‌లలో చేసే ప్రయోగాల్లో మంచి ఫలితం ఇచ్చేవి 10 నుంచి 20 శాతమే. అంటే పెద్ద జీతాల పెద్ద బుర్రల ఊహలు కూడా పదింటికి ఎనిమిది ఉత్తవే. ఈ లెక్క నాకు నచ్చింది. పైనున్నవాడు చెప్పాడు కాబట్టి నిజమైపోదు, కొలిచి చూడు అనే మాట మనకు పనికొచ్చే మాట.

బ్యాంకుకో, ఆసుపత్రికో, కరెంటు ఆఫీసుకో అమ్మే సాఫ్ట్‌వేర్ అట్లా కాదు. అది ఒక్క గంట ఆగితే ఒక ఊరి పని ఆగుతుంది. కొనేవాళ్లు నలుగురైదుగురే ఉంటారు. సగంసగం చేసి కొలవడానికి ఆ సంఖ్య చాలదు. వాళ్ల లెక్కలు వాళ్ల గోడల మధ్య ఉంటాయి, చూడనివ్వరు. కొత్తది తెచ్చామంటే "మా పని చెడగొట్టకండి" అంటారు. 2015లో ఫిన్లాండ్‌లో ఒల్లీ రిస్సానెన్, యూర్గెన్ మ్యూంచ్ అనే ఇద్దరు సరిగ్గా ఈ చిక్కు మీదే ఒక కంపెనీని పట్టుకుని అధ్యయనం చేశారు.

ఈ చిక్కుకు మా తమ్ముడి కాడ కొన్ని ఉపాయాలున్నాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి, కొత్తదాని లెక్కను ఎవరికీ చూపకుండా పాతదాంతో పోల్చి చూస్తారు. మార్పును లోపల పెట్టి, స్విచ్ మాత్రం ఆపి ఉంచుతారు. ముందు తమ ఉద్యోగుల మీద, తర్వాత ఒప్పుకున్న ఒక్క శాఖలో స్విచ్ వేస్తారు. గీత దాటి తప్పులొస్తే ఎవరినీ అడగకుండా స్విచ్ దించేస్తారు. "అన్నిటికన్నా పెద్ద ఉపాయం ఏందో తెల్సా అక్కా? కౌంటర్ కాడ కూసునే క్లర్కు పక్కన రెండు రోజులు కూసునుడు" అన్నాడు. ఎందుకంటే ఈ వ్యాపారంలో కొనేవాడు వేరు, వాడేవాడు వేరు. సంతకం పెట్టేది ఏసీ గదిలో మేనేజరు. పొద్దంతా వేళ్లరిగేది క్లర్కుకు. ఆ కౌంటర్ ముందు వరసలో నిలబడేది మన అవ్వ. ఆమె పేరు ఒప్పందంలో ఎక్కడా ఉండదు.

కానరీ అనే పేరెట్లా వచ్చిందని అడిగాను. బ్రిటన్ బొగ్గుగనుల్లోకి విషవాయువును పసిగట్టడానికి కానరీ పిట్టలను పంజరంలో పట్టుకుపోయేవాళ్లట. మనిషి కన్నా ముందు పిట్ట సొమ్మసిల్లేది. 1986లో పరికరాలు వచ్చినంక అక్కడ ఆ పిట్టలను మానేశారు. ఈ కథ మా అయ్యకు చెప్పాను.

"పిట్ట సంగతి నాకు తెల్వదు బిడ్డా. మా కాడ కప్పు కొట్టి చూసుడే" అన్నాడు. బొగ్గు పేల్చినంక, మనుషుల్ని లోపలికి పంపే ముందు, సర్దారు కట్టెతో పైకప్పు కొట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిది. డొల్ల సప్పుడొస్తే పొర విడిసిందన్నట్టు. దాన్ని ముందు రాల్చాలె, లేదంటే కింద దుంగలు నిలబెట్టాలె. "తప్పు వినడా అయ్యా?" అన్నాను. "కొట్టెటోడు గూడ ఆ కప్పు కిందనే ఉంటడు గదా. అందుకే మంచిగ ఇంటడు" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ గురించి ఏది చదివినా నేను అడిగేది ఒక్కటే. కొట్టి చూసినోడు ఆ కప్పు కింద ఉన్నాడా?

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కొత్త ప్రోగ్రాము ఎక్కించింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి ఎక్కించడం మరిచారు. దాంట్లో పడి ఉన్న పాత ప్రోగ్రాము నిద్రలేచి తనంతట తాను కొంటూ అమ్ముతూ పోయింది. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్లకు పైగా మునిగింది. కంపెనీ నిలబడలేకపోయింది. పెద్ద నష్టమే, కానీ కూలిన కప్పు వాళ్ల నెత్తి మీదే కూలింది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక చిన్న ఫైలును ప్రపంచమంతా ఒకేసారి పంపింది. అంచు కోసి చూడలేదు. తోలు మొత్తం లందలో పారేసింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు గానీ అప్పటికే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆసుపత్రులు, బ్యాంకులు, విమానాలు ఆగాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇక ముందు అంచెలంచెలుగా పంపుతామని ఆ కంపెనీ తర్వాత చెప్పింది. తొండం కుట్టే మనిషికి ఎప్పుడో తెలిసిన సంగతి అది.

అన్నిటికన్నా ఘోరం బ్రిటన్ పోస్టాఫీసుది. 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు. తర్వాత దాన్ని నడిపింది ఫుజిత్సు. కొన్నది పోస్టాఫీసు సంస్థ. వాడింది వీధి చివర చిన్న కొట్టులో పోస్టాఫీసు నడుపుకునే సబ్ పోస్ట్‌మాస్టర్లు. సాఫ్ట్‌వేర్ తప్పుల వల్ల లెక్కలో డబ్బు తక్కువ చూపించేది. ఒప్పందం పేరు చెప్పి ఆ డబ్బు వాళ్ల జేబులోంచే కట్టించారు. కట్టలేనివాళ్లను దొంగలన్నారు. ఫోన్ చేసి అడిగితే "ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది" అన్నారని ఎంతోమంది సాక్ష్యం చెప్పారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. భారత సంతతి సీమా మిశ్రా 2010లో కడుపుతో ఉండగా జైలుకు పోయింది. ఆమె శిక్ష రద్దయింది 2021లో. ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది. శిక్షలన్నిటినీ ఒక్క దెబ్బతో కొట్టేయడానికి 2024 మేలో చట్టమే చేయాల్సి వచ్చింది. కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఇది కారణమై ఉండవచ్చని 2025 జూలైలో విచారణ నివేదిక చెప్పింది.

అక్కడి కోర్టుల్లో కంప్యూటరు సక్రమంగా పనిచేస్తుందనే ముందుగా అనుకుంటారు. అది తప్పు చేసిందని చెప్పదలిస్తే ఆ అనుమానానికి ఆధారం మనిషే తేవాలి. మనకిది కొత్త న్యాయమా? కరణం దస్తరంలో రాసిందే నిజం, మాదిగోని నోటిమాట అబద్ధం. దస్తరం పోయి తెర వచ్చింది. తెర ముందు నిలబడే మనిషి మాత్రం ఏం రుజువు తేవాలి, ఎక్కణ్ణుంచి తేవాలి?

ఇది నాకు పుస్తకాల్లోనే కాదు, నా బళ్లో కూడా ఎదురైంది. పై నుంచి ఒక యాప్ దిగింది. ఎవరు చేయించారో, ఎవరు చేశారో ఇక్కడ రాయను. పిల్లల ముఖం చూపిస్తే హాజరు పడాలి. వారానికోసారి కొత్త వెర్షన్. నిన్న కింద ఉన్న బటన్ ఇవ్వాళ పైన ఉండేది. నిన్న పట్టిన ముఖం ఇవ్వాళ పట్టేది కాదు. సిగ్నల్ కోసం ముప్పైమంది పిల్లల్ని వాటర్ ట్యాంకు కాడికి తోలుకుపోయేదాన్ని. ప్రయోగం జరుగుతోంది. కానీ అది ప్రయోగమని మాకెవరూ చెప్పలేదు. ఏం కొలుస్తున్నారో చెప్పలేదు. ఆపే స్విచ్ ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు.

ఏడో తరగతిలో మా వాడ పిల్ల ఒకతి ఉంది. ఆ పిల్ల ముఖాన్ని యాప్ ఎన్నోసార్లు పట్టేది కాదు. పట్టని రోజు వాళ్ల నాయన ఫోనుకు మెసేజ్ పోయేది, మీ అమ్మాయి ఈ రోజు బడికి రాలేదని. ఆయనకు చదవరాదు. కిరాణం కొట్టు పిలగాడితో చదివించుకున్నాడు. పత్తి ఏరి ఇంటికొచ్చిన మనిషి, బడి పేరు చెప్పి ఎటు తిరుగుతున్నవని బిడ్డను కొట్టాడు. నాలుగు రోజులు ఆ పిల్ల నిజంగానే రాలేదు. ఇంటికి పోయి అడిగితే "వచ్చినా రాలేదంటది గదా టీచర్, ఎందుకు రావాలె?" అంది.

నేను కాయితం రిజిస్టరు మానలేదు. మానమని చెప్పినా మానలేదు. దాన్ని ఆ ఇంటికి తీసుకుపోయి వాకిట్లో పరిచాను. అక్షరం రాని ఆ తండ్రి బిడ్డ పేరు పక్కన గడుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటి లెక్కబెట్టాడు. ఇరవై రెండు. ఏమీ అనలేదు. పొద్దున బిడ్డను తానే తోలుకొచ్చాడు.

ఆ తర్వాత మా మండలంలో మరో ఆరుగురు టీచర్లను కలుపుకున్నాను. రోజూ రెండు గీతలు గీశాం, బడికి వచ్చిన పిల్లలు, యాప్ పట్టిన పిల్లలు. పట్టనివాళ్ల దగ్గర ఫోను ఏది, వెలుతురు ఎట్లుంది, ఎన్నిసార్లు ప్రయత్నించాం అని రాశాం. 41 రోజుల లెక్క. ఇదీ ప్రయోగమే, ఈసారి మేం చేసింది. ఆ కాయితాలు పట్టుకుపోతే పెద్దసారు "కంప్యూటర్ల తప్పెట్లొస్తది మేడమ్? మీకే వాడొస్తలేదు" అన్నాడు. కాయితాలు మాత్రం తీసుకున్నాడు. ఆ పై రెండు వెర్షన్లకు, పట్టనప్పుడు టీచరు చేత్తో హాజరు వేసే బటన్ వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు.

లెక్కల టీచరుగా ఒక మాట చెప్తాను. సగటును నమ్మొచ్చు గానీ సగటు దగ్గరే ఆగిపోరాదు. వంద ముఖాల్లో తొంభై ఐదు పట్టిందంటే గొప్ప మార్కే. మిగిలిన ఐదూ ఒకే వాడ పిల్లలైతే? 2018లో జాయ్ బులామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్లు కంపెనీలకు అమ్మే మూడు ముఖ విశ్లేషణ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఆడా మగా అని తేల్చడంలో తెల్లరంగు మగవాళ్ల దగ్గర తప్పు 1 శాతం లోపే. నల్లరంగు ఆడవాళ్ల దగ్గర ఒకదాంట్లో 34.7 శాతం. సగటు చూసి అమ్మినవాళ్లకు ఇది కనపడలేదు. కప్పు కింద నిలబడ్డవాళ్లు కొట్టి చూస్తే వినపడింది. జార్ఖండ్‌లో రేషన్‌కు వేలిముద్ర పెట్టినప్పుడు 2016 నుంచి దాదాపు కోటిన్నర మంది లబ్ధిదారుల మీద పద్ధతి ప్రకారం పరిశోధన చేశారు. దొంగతనం తగ్గలేదని తేలింది. అంతకుముందు ఆధార్ జతకాని కుటుంబాలకు అందేది మాత్రం పదో వంతు తగ్గింది. ఆ కుటుంబాలను విడదీసి చూశారు కాబట్టి తెలిసింది. లేకపోతే సగటు కింద పడి ఉండేది.

కాబట్టి ప్రయోగం మనకు శత్రువు కాదు. అడగకుండా, చెప్పకుండా, కొలవకుండా, వెనక్కి తీసుకునే దారి లేకుండా చేసేదాన్ని ప్రయోగం అని పిలవడమే మోసం. ముసాయిదాను మన మీద రుద్ది, తప్పులన్నీ మన లెక్కలో రాసి, దిద్దిన ప్రతిని మాత్రం గొప్పగా చూపించుకుంటారు.

ఇంజనీరింగు చదువుతున్న మన పిల్లలకు ఈ మాట. మీరు కూర్చోబోయే గదుల్లో రిలీజు అనే మాట రోజూ వినపడుతుంది. ఇది ముందు ఎవరి మీద పడుతుందో అడగండి. పడ్డవాళ్లు తప్పయిందని ఏ భాషలో, ఏ నంబరుకు చెప్పుకోవాలో అడగండి. సరిచేసేదాకా వాళ్ల బియ్యం, వాళ్ల జీతం, వాళ్ల హాజరు ఎట్లా నడుస్తాయో అడగండి. ఈ మూడూ మా తమ్ముడు తన మీటింగులో అడిగితే మొదటిసారి అంతా ఊరుకున్నారట. రెండోసారి వాళ్ల ఫారంలో ఒక గడి పెరిగింది.

సంఘాల్లో పనిచేసే మిత్రులకు మరో మాట. రోడ్ల మీద, భూముల మీద, రిజర్వేషన్ల మీద కొట్లాడినట్టే ఈ తెరల మీదా కొట్లాడాలి. సర్కారు ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఒప్పందంలో పాత పద్ధతి ఎన్నాళ్లు నిలిచి ఉంటుందో రాసి ఉండాలని అడగండి. తప్పుల లెక్క ఊరివారీగా, వాడవారీగా గోడ మీద అంటించాలని అడగండి. కంప్యూటరు ఒకటి, మనిషి ఒకటి చెప్పినప్పుడు రుజువు తేవాల్సింది కంప్యూటరు తెచ్చినవాడేనని రాయించండి. పరీక్ష అయిపోయింది, బాగుంది అని రాసే కాయితం కింద కొన్న ఆఫీసరు సంతకం, అమ్మిన కంపెనీ సంతకం ఉంటాయి. మూడో సంతకం వాడేవాళ్లది. అది పడేదాకా ఆ కాయితం చెల్లదనాలి.